మోరిస్ ఫ్రాంక్, బడ్డీ, నూట యాభై డాలర్లు

1908 మార్చి 23న అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ అనే ఊళ్లో మోరిస్ ఫ్రాంక్ పుట్టాడు. ఇంట్లో డబ్బుకి లోటు లేదు. ఉన్న లోటు వేరే. వాళ్ళమ్మకి చూపు లేదు. అందుకని మనం సైకిల్ నేర్చుకునే వయసులో మోరిస్ ఇంకో పని నేర్చుకున్నాడు. అమ్మ చెయ్యి పట్టుకుని దారి చూపించడం. ఎక్కడ మెట్టు ఉంది, ఎక్కడ గుంట ఉంది, ఎదురుగా ఎవరొస్తున్నారు, అన్నీ చెప్తూ నడిపించేవాడు.

ఆరేళ్ళప్పుడు గుర్రం మీద వెళ్తుంటే చెట్టు కొమ్మ తగిలి అతని కుడి కన్ను పోయింది. పదహారేళ్ళకి బాక్సింగ్‌లో దెబ్బ తగిలి ఎడమ కన్ను కూడా పోయింది. సినిమాలో ఇలా చూపిస్తే ఓవర్ చేశారంటాం. ఒకే ఇంట్లో తల్లికీ కొడుక్కీ ఇద్దరికీ చూపు పోవడం, అదీ రెండు వేరే వేరే ప్రమాదాల్లో కొడుక్కి రెండు కళ్ళూ పోవడం. కానీ నిజంగా జరిగింది ఇదే. అప్పటిదాకా దారి చూపించిన పిల్లాడికి ఇప్పుడు దారి చూపించేవాళ్ళు కావాల్సి వచ్చింది.

అతను ఇంట్లో కూర్చునే రకం కాదు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చదువుతూనే ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మడం మొదలుపెట్టాడు. మన ఇళ్ళకి వచ్చే ఎల్ఐసీ ఏజెంట్ అంకుల్‌ని గుర్తు తెచ్చుకోండి. ఒకసారి వద్దంటే వెళ్ళిపోరు. టీ తాగి, పిల్లల చదువు గురించి అడిగి, మళ్ళీ వచ్చే వారం వస్తారు. ఫ్రాంక్ కూడా అచ్చం ఆ టైపే. కథలో తర్వాత జరిగేవన్నీ అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోవాలి. అతను సేల్స్‌మన్. ఎవరైనా కుదరదంటే, సరే రేపు మాట్లాడదాం అని అర్థం చేసుకునే మనిషి.

కాకపోతే అమ్మడానికి ఇంటింటికీ తిరగాలి కదా. దానికి ఒక కుర్రాణ్ణి జీతానికి పెట్టుకున్నాడు. ఆ కుర్రాడు ఒకరోజు వచ్చేవాడు, ఒకరోజు రాడు. వచ్చినా మధ్యలో బోర్ కొట్టేది. డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి మూడ్ మీద తన రోజంతా ఆధారపడటం ఫ్రాంక్‌కి చాలా చిరాగ్గా ఉండేది. కటింగ్ చేయించుకోవాలన్నా ఎవరో తీసుకెళ్ళి షాపులో కూర్చోబెట్టి, మళ్ళీ వాళ్ళకి తీరికైనప్పుడు వచ్చి తీసుకెళ్ళాలి. అంతవరకూ ఒక సామాను మూటలాగా అక్కడే ఉండాలి. నాకు ఇతని కథలో కళ్ళు పోవడం కంటే ఈ వెయిటింగే ఎక్కువ బాధ అనిపించింది.

1927 నవంబర్ 5 నాటి సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. వాళ్ళ నాన్న దాన్ని చదివి వినిపించాడు. రాసింది డొరతీ హారిసన్ యూస్టిస్ అనే అమెరికన్ ఆవిడ. స్విట్జర్లాండ్‌లో వెవే అనే ఊరికి పైన కొండ మీద ఆవిడకి ఫార్చునేట్ ఫీల్డ్స్ అనే ఎస్టేట్ ఉండేది. అక్కడ జర్మన్ షెపర్డ్ కుక్కల్ని పెంచి పోలీసులకీ, సైన్యానికీ, కస్టమ్స్ వాళ్ళకీ పనికొచ్చేలా ట్రైనింగ్ ఇప్పించేది. ఆ వ్యాసం మాత్రం తన కుక్కల గురించి కాదు. జర్మనీలో పోట్స్‌డామ్ అనే చోట తను చూసిన ఒక స్కూల్ గురించి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు చాలామంది చూపు పోగొట్టుకున్నారు. వాళ్ళకి దారి చూపించడానికి కుక్కలకి శిక్షణ ఇచ్చే మొదటి స్కూల్‌ని 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో గెర్హార్డ్ స్టాలింగ్ అనే డాక్టర్ పెట్టాడు. పోట్స్‌డామ్ స్కూల్ దాని తర్వాతది. అంటే యుద్ధం వల్ల పుట్టిన టెక్నాలజీల లిస్టులో రాడార్ పక్కన గైడ్ కుక్కని కూడా రాసుకోవచ్చు.

వ్యాసం వినగానే ఫ్రాంక్ ఆవిడకి ఉత్తరం రాశాడు. నాలుగు రోజులు కూడా ఆగలేదు. ఆ ఉత్తరంలో అతను అడిగిన పద్ధతి గమనించండి. నాకు ఒక కుక్క ఇప్పించండి అని మాత్రమే అడగలేదు. నాకు నేర్పించండి, నేను తిరిగొచ్చి ఇక్కడ చూపు లేనివాళ్ళందరికీ ఇది పనిచేస్తుందని చూపిస్తాను, ఈ దేశంలోనే అలాంటి స్కూల్ మొదలయ్యేలా చేస్తాను అని చెప్పాడు. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్ళు. సరిగ్గా నా వయసు. నేను ఈ వయసులో రాసిన సీరియస్ ఉత్తరం ఏదైనా ఉందంటే అది అటెండెన్స్ కండోనేషన్ కోసం హెచ్ఓడీకి రాసినదే.

యూస్టిస్‌కి చాలామంది రాశారు. ఆవిడకి గైడ్ కుక్కల్ని తయారుచేసే ఉద్దేశం అప్పటిదాకా లేదు. కానీ ఈ కుర్రాడి ప్రతిపాదన ఆవిడని కదిలించింది. వస్తావా అని అడిగింది. 1928లో ఫ్రాంక్ ఓడెక్కాడు.

ఆ ప్రయాణం గురించి చదివితే నవ్వాలో ఏడవాలో తెలీదు. చూపులేని మనిషి ఒంటరిగా సముద్రం దాటడానికి అప్పట్లో పద్ధతేదీ లేదు. అందుకని అతన్ని అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ ద్వారా ఒక పార్సెల్ లాగా బుక్ చేశారు. ఓడలో స్టీవర్డ్ టైమ్‌కి భోజనానికి తీసుకెళ్ళేవాడు, డెక్ మీద కాసేపు తిప్పేవాడు, తర్వాత గదిలో పెట్టి తాళం వేసేవాడు. అతనికి ఏమీ కాకుండా చూసుకోవాలనే ఉద్దేశమే. సరుకు డ్యామేజ్ అవకూడదు కదా మరి.

ఫార్చునేట్ ఫీల్డ్స్‌లో జాక్ హంఫ్రీ అనే ట్రైనర్ అతని కోసం ఒక ఆడ జర్మన్ షెపర్డ్‌ని సిద్ధం చేశాడు. దాని పేరు కిస్. నడివీధిలో నిలబడి ఆ పేరుతో పిలవడం మగపిల్లాడికి ఎంత ఇబ్బందో మీరే ఊహించుకోండి. ఫ్రాంక్ మొదటిరోజే పేరు మార్చేసి బడ్డీ అన్నాడు. మన భాషలో చెప్పాలంటే మామా అనో, రా అనో పిలుచుకునే దోస్తు.

ఇక ట్రైనింగ్. కుక్క ఒంటికి తోలు పట్టీ, దానికి గట్టి హ్యాండిల్. మామూలు గొలుసు మెత్తగా వంగుతుంది కాబట్టి కుక్క కదలిక చేతికి తెలీదు. ఈ హ్యాండిల్ వంగదు. కుక్క ఒక పక్కకి జరిగితే ఆ జరగడం వెంటనే చేతికి అందుతుంది. కుక్క ఆగితే మనిషి ఆగుతాడు, అక్కడ మెట్టో ఫుట్‌పాత్ అంచో ఉందని కాలితో తడిమి చూసుకుంటాడు. చాలామంది అనుకునేది ఏంటంటే కుక్క ట్రాఫిక్ లైట్ చూసి తీసుకెళ్తుందని. కాదు. ఎటు వెళ్ళాలో మనిషికే తెలియాలి. ట్రాఫిక్ చప్పుడు విని, ఇప్పుడు దాటచ్చు అని నిర్ణయం తీసుకుని, ముందుకి అనే ఆర్డర్ ఇచ్చేది మనిషే. మ్యాప్ మనిషి బుర్రలో ఉంటుంది, సెన్సార్లు కుక్క దగ్గర ఉంటాయి.

అసలు మజా దీని తర్వాత ఉంది. మనిషి ముందుకి అన్నాడు, కానీ బండి వస్తోంది. అప్పుడు కుక్క కదలకూడదు. ఆర్డర్ ఇచ్చినా సరే, మళ్ళీ ఇచ్చినా సరే. దీన్ని తెలివైన అవిధేయత అంటారు. చెప్పినట్టు వినడం ఏ కుక్కకైనా నేర్పించవచ్చు. ఎప్పుడు వినకూడదో నేర్పించడమే కష్టం. మన సబ్జెక్టులో చెప్పాలంటే యూజర్ ఇన్‌పుట్‌ని గుడ్డిగా ఎగ్జిక్యూట్ చేయకుండా, ప్రమాదం ఉంటే ఎక్సెప్షన్ త్రో చేసి ఆగిపోయే ప్రోగ్రామ్. సెల్ఫ్ డ్రైవింగ్ కారు గురించి సెమినార్‌లో మనం గంటలు గంటలు మాట్లాడే విషయాన్ని స్విట్జర్లాండ్ కొండ మీద ఒక కుక్కకి వందేళ్ళ క్రితమే నేర్పించారు.

ఈ నమ్మకం ఫ్రాంక్‌కి వెంటనే కుదరలేదు. మొదట్లో అతనే కుక్కని నడిపించాలని చూసేవాడు. ఒకరోజు రోడ్డు మీద బెదిరిన గుర్రాలు దూసుకొస్తుంటే బడ్డీ అతన్ని పక్కనున్న గట్టు మీదకి ఒక్క లాగు లాగేసింది. ఏం జరిగిందో అతనికి తర్వాత చెప్తే గానీ తెలీలేదు. ఇంకో రోజు ఎవరి తోడూ లేకుండా, బడ్డీతోనే వెవే ఊళ్లోకి వెళ్ళి కటింగ్ చేయించుకుని వచ్చాడు. అంతే. ఇందులో సాహసం ఏమీ లేదు. కానీ బార్బర్ షాపులో మూటలాగా కూర్చున్న మనిషికి, పని అవగానే లేచి తనంతట తాను బయటికి రావడం ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

1928 జూన్‌లో న్యూయార్క్ రేవులో దిగాడు. విలేకరులు చుట్టుముట్టారు. కుక్క దారి చూపిస్తుందంటే ఎవరూ నమ్మలేదు. అయితే వెస్ట్ స్ట్రీట్ దాటి చూపించు అన్నారు. అది ఎలాంటి రోడ్డో ఫ్రాంక్‌కి తెలీదు. తెలీదు కాబట్టే ఒప్పుకున్నాడేమో. రేవు పక్కనే ఉండే బాగా వెడల్పైన రోడ్డు, లారీలు, ట్యాక్సీలు, గుర్రబ్బండ్లు. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే సాయంత్రం ఆరున్నరకి ప్యారడైజ్ దగ్గర సిగ్నల్ పనిచేయకపోతే ఎలా ఉంటుందో అలా. అడుగు పెట్టిన కాసేపటికే చప్పుళ్ళలో అతనికి దిక్కు తెలీకుండా పోయింది. ఇక మొత్తం బడ్డీకే వదిలేశాడు. అది కొంచెం ముందుకెళ్ళి, ఆగి, వెనక్కి తగ్గి, మళ్ళీ ముందుకెళ్ళి, అవతలి పక్క ఫుట్‌పాత్ ఎక్కించింది. దాదాపు మూడు నిమిషాలు పట్టింది. తర్వాత యూస్టిస్‌కి అతను పంపిన టెలిగ్రామ్‌లో ఒకే ఒక్క మాట ఉంది. పని అయిందని.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. ఈ మనిషి గురించి నేను చదవడానికి కారణం మా రాంగోపాల్‌పేట్. సేఠ్ రాంగోపాల్ అనే దాత పేరు మీద వచ్చిన పేట ఇది. ఎంజీ రోడ్డు మీద మా పోలీస్ స్టేషన్ పాత బిల్డింగ్ కూడా ఆయన ఇచ్చినదే. అలాంటి చోట ఉన్నందుకో ఏమో, ఈ ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి కూడా దానం చేయాలని బుద్ధి పుట్టింది. థర్డ్ ఫ్లోర్‌లో ఒక అన్న ఉంటాడు. చూపు లేదు, ఉద్యోగం చేస్తాడు, తెల్ల కర్రతో రాణిగంజ్ బస్సు దాకా తనే వెళ్తాడు. ఆయనకి ఒక గైడ్ కుక్క తెప్పించడానికి డబ్బు పోగు చేద్దామని సెల్లార్‌లో పాత సామాన్ల సేల్ పెట్టాం. మినీ డ్రాఫ్టర్లు, ఫస్టియర్ తర్వాత ఎవరూ ముట్టుకోని ల్యాబ్ కోట్లు, కాలిక్యులేటర్లు, ఎంసెట్ మెటీరియల్, రెండు సైకిళ్ళు, జార్ లేని మిక్సీ, ఎవరి పెళ్ళిలోనో వచ్చి ప్యాకింగ్ కూడా విప్పని డిన్నర్ సెట్లు మూడు. ప్రతిదాని మీదా రేటు స్టిక్కర్ అంటించాం. మోండా మార్కెట్‌లో బేరమాడి పండిపోయిన ఆంటీల ముందు ఆ స్టిక్కర్లు అరగంట కూడా నిలవలేదు.

డబ్బు బాగానే వచ్చింది. కానీ మేం సేల్ పోస్టర్ అంటించిన రోజే అన్న కిందికి వచ్చి మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగాడు. ఇలాంటి కుక్కలు మన దగ్గర చాలా అరుదు, దానికి ఎవరు నేర్పిస్తారు, నాకు ఎవరు నేర్పిస్తారు? నేర్పించినా దాన్ని బస్సులో, మెట్రోలో, హోటల్లో రానిస్తారా? మీరు కొనిస్తే తీసుకునేవాణ్ణి నేనెవరిని? మొదటి రెండింటికీ మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. వీధి కుక్కల సంగతేంటని మావాడు ఒకడు నాలుగో ప్రశ్న కూడా కలిపాడు. మూడోదానికి జవాబు అన్నే చెప్పాడు. సేల్ రోజు తన టేప్ రికార్డరు, పెట్టెడు క్యాసెట్లు, ఒక టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఒక బల్ల మీద పెట్టుకుని తనే అమ్మాడు. బేరంలో ఆంటీలు గెలవలేకపోయింది ఆ ఒక్క బల్ల దగ్గరే. కుక్క ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఇంకా తేలలేదు. డబ్బు అలాగే దాచి ఉంచాం. ఆ మూడు ప్రశ్నల కోసం వెతుకుతుంటే నాకు ఫ్రాంక్ దొరికాడు. ఎందుకంటే 1928లో అతన్ని ఎదుర్కొన్నవి కూడా సరిగ్గా ఆ మూడే.

మొదటి ప్రశ్న, ఎవరు నేర్పిస్తారు. 1929 జనవరి 29న నాష్‌విల్‌లో ద సీయింగ్ ఐ అనే సంస్థ రిజిస్టర్ అయింది. ఫ్రాంక్ మాట ఇచ్చాడు, యూస్టిస్ డబ్బూ సమయమూ పెట్టింది, హంఫ్రీ లాంటి ట్రైనర్లు పని చేశారు. మొదటి బ్యాచ్‌లో ఇద్దరే విద్యార్థులు. ఏడాది తిరిగేసరికి 17 మంది అయ్యారు. మన క్లాసులో ఒక ల్యాబ్ బ్యాచ్ కంటే తక్కువ. నాష్‌విల్ ఎండలు కుక్కలకి పడక 1931లో స్కూల్‌ని న్యూజెర్సీకి మార్చారు. కుక్కకి నేర్పడం కంటే, కుక్కలకి నేర్పగలిగే మనుషుల్ని తయారుచేయడానికే ఎక్కువ కాలం పట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి, చిన్న కుక్కపిల్లల్ని ఊళ్లోని కుటుంబాలకి పెంచడానికి ఇచ్చే పద్ధతి మొదలైంది. ఒక ఏడాది పైగా పిల్లలు దాన్ని పెంచుతారు, ముద్దు చేస్తారు, తర్వాత స్కూల్‌కి తిరిగి ఇచ్చేస్తారు. అలా ఇవ్వడం నా వల్ల అయ్యే పని కాదు.

రెండో ప్రశ్న, ఎవరు రానిస్తారు. దీని మీద ఫ్రాంక్ తన జీవితంలో చాలా భాగం ఖర్చు పెట్టాడు. రైల్లో ఎక్కితే కుక్కని సామాన్ల పెట్టెలో పెట్టమనేవారు. హోటల్లో గది లేదనేవారు. రెస్టారెంట్ గుమ్మంలోనే ఆపేసేవారు. సేల్స్‌మన్ బుద్ధి ఇక్కడ పనికొచ్చింది. గొడవ పెట్టుకుని కోర్టుకెక్కడం కంటే ముందు అతను చేసే పని, లోపలికి వెళ్ళి కూర్చోవడం. బడ్డీ టేబుల్ కింద చప్పుడు చేయకుండా పడుకునేది. భోజనం అయ్యేసరికి పక్క టేబుల్ వాళ్ళకి అక్కడ కుక్క ఉందని కూడా తెలిసేది కాదు. అదే అతని వాదన. ఊరూరా తిరిగి క్లబ్బుల్లో, సభల్లో మాట్లాడాడు. కూలిడ్జ్, హూవర్ అనే ఇద్దరు అధ్యక్షుల్ని బడ్డీతో సహా కలిశాడు. 1935 కల్లా అమెరికా రైల్వే కంపెనీలన్నీ గైడ్ కుక్కని యజమాని పక్కనే ఉండనివ్వడానికి ఒప్పుకున్నాయి. 1956 నాటికి ప్రతి రాష్ట్రంలోనూ గైడ్ కుక్కల ప్రవేశానికి చట్టాలు వచ్చాయి. అంటే వెస్ట్ స్ట్రీట్ దాటడానికి మూడు నిమిషాలు, గుమ్మాలన్నీ దాటడానికి 28 ఏళ్ళు.

ఇది చదివి పొంగిపోయే ముందు ఇంకో విషయం కూడా చూడాలి. అదే టెనెసీలో, అవే రైళ్ళలో, అప్పుడు నల్లవాళ్ళకి వేరే పెట్టె. ఒక తెల్ల కుర్రాడి కుక్క తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చోవడానికి ఒప్పుకున్న కంపెనీలు, మనుషుల్ని అదే పెట్టెలో కూర్చోనివ్వలేదు. ఫ్రాంక్‌కి డబ్బున్న ఇల్లు, యూనివర్సిటీ చదువు, తెల్ల చర్మం ఉన్నాయి. అతను ఎదుర్కొన్న అడ్డంకులు నిజమైనవే. కానీ అతను తలుపు తట్టగలిగిన గుమ్మం దాకా కూడా రానివ్వని మనుషులు అదే ఊళ్లో ఉన్నారు. ఇది ఫ్రాంక్ తప్పు అని కాదు. కథ పూర్తిగా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

మూడో ప్రశ్న, డబ్బు. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఒక కుక్కని పెంచి, శిక్షణ ఇచ్చి, మనిషితో జత చేసి నేర్పించడానికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. చూపులేని మనిషి మొత్తం పెట్టుకోలేడు. దాతలు కావాలి. దాతలు ఉన్నారు కూడా, యూస్టిస్‌కి న్యూయార్క్, ఫిలడెల్ఫియా పెద్ద కుటుంబాల్లో బోలెడు పరిచయాలు. అలాంటప్పుడు సులువైన దారి ఏంటి? మొత్తం ఉచితంగా ఇచ్చేయడం. ఫొటో తీసి పేపర్లో వేయించుకోవడం. దాతకి పుణ్యం, పేపర్‌కి వార్త, తీసుకున్నవాడికి కుక్క, అందరూ హ్యాపీ.

ఫ్రాంక్, యూస్టిస్ ఇద్దరూ ఈ దారిలో వెళ్ళలేదు. ఉచితంగా వచ్చిన కుక్కతో నడిచే మనిషిని ఊరంతా ధర్మం తీసుకున్నవాడిగానే చూస్తుందని వాళ్ళకి తెలుసు. ఆ రోజుల్లో చూపులేనివాళ్ళంటే వీధి మూల డబ్బా పట్టుకుని నిలబడే మనిషే జనానికి గుర్తొచ్చేది. ఆ డబ్బా పక్కన ఒక కుక్క కూడా చేరితే ఏమవుతుంది? చిల్లర ఎక్కువ పడుతుంది, అంతే. కుక్కని అడుక్కోవడానికి వాడటాన్ని ఇద్దరూ గట్టిగా వ్యతిరేకించారు. 1934లో ఒక ఫీజు ఖాయం చేశారు. మొదటిసారి వచ్చేవాళ్ళకి 150 డాలర్లు. ఆ కుక్క ముసలిదై ఇంకోటి కావాల్సి వస్తే 50 డాలర్లు. తర్వాత సైన్యంలో పనిచేసినవాళ్ళకి 1 డాలరు అని పెట్టారు. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాల్లో కట్టచ్చు. డబ్బు లేదని ఎవర్నీ వెనక్కి పంపరు. కానీ కట్టాల్సింది కట్టాల్సిందే, కట్టేది ఆ మనిషే.

ఈ లెక్క వింతగా అనిపించవచ్చు. 150 డాలర్లతో స్కూల్ ఖర్చు తీరదు. అలాంటప్పుడు ఎందుకు తీసుకోవడం? నాకు అర్థమైనంతలో ఆ డబ్బు స్కూల్ కోసం కాదు. 1934 అంటే అమెరికాలో డిప్రెషన్ రోజులు, పనులు లేక జనం అల్లాడుతున్న కాలం. అప్పుడు 150 డాలర్లు చిన్న మొత్తం కాదు. నెలనెలా కొంచెం కొంచెం కట్టి చివరి వాయిదా తీర్చిన రోజు, ఆ కుక్క ఎవరిదన్న ప్రశ్నకి జవాబు మారిపోతుంది. ఇన్సూరెన్స్ అమ్మినవాడికి ఈ విషయం బాగా తెలుసు. ప్రీమియం కట్టిన మనిషి క్లెయిమ్ అడిగేటప్పుడు గొంతు తగ్గించడు.

ఇదంతా విని ఫ్రాంక్‌ని సాధువు అనుకోకండి. మనిషికి మొండితనం ఎక్కువ, ప్రచారం అంటే ఇష్టం. కెమెరా ముందు బడ్డీని ఎలా చూపించాలో బాగా తెలుసు. చూపులేనివాళ్ళ కోసం అప్పటికే పనిచేస్తున్న సంస్థల్లో కొందరికి ఇతని పద్ధతి నచ్చలేదు, కుక్క వెనక నడవడం నామోషీ అనుకున్నవాళ్ళూ ఉన్నారు. అందరికీ కుక్క పనికిరాదు కూడా. కర్రతోనే హాయిగా తిరిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా అన్న రాణిగంజ్ బస్సు ఎక్కే స్పీడు చూస్తే నాకు కూడా ఆ అనుమానం వచ్చింది. కుక్క ఉండాలా వద్దా అన్నది ఆ మనిషి తేల్చుకోవాల్సిన విషయం. ఫ్రాంక్ చేసింది ఏంటంటే, కావాలనుకున్నవాడికి అది దొరికే దారి వేయడం.

పదేళ్ళు తిరిగేసరికి బడ్డీ ముసలిదైంది. అమెరికా అంతా రైళ్ళలో తిరిగిన కుక్క, చివరి రోజుల్లో నడవడానికే కష్టపడింది. కుక్కల ఆయుష్షు గురించి తెలిసిన విషయమే అయినా, తన కళ్ళే మళ్ళీ పోతున్నట్టుండే ఆ రోజులు ఎలా గడిచుంటాయో ఊహించడం కష్టం. 1938 మే 23న బడ్డీ చనిపోయింది. ఫ్రాంక్ ఇంకో కుక్కని తెచ్చుకున్నాడు. దానికి కూడా బడ్డీ అనే పేరు పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కుక్కా బడ్డీయే. మొదట్లో ఇది నాకు కొంచెం అన్యాయంగా అనిపించింది, కొత్త కుక్కకి సొంత పేరు కూడా లేకుండా. తర్వాత మా ఇంట్లో తాతయ్య పేరు మా అన్నయ్యకి పెట్టిన సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

యూస్టిస్ 1946లో పోయింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి చూపు పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికుల కోసం అమెరికాలో ఇంకా చాలా గైడ్ కుక్కల స్కూళ్ళు పుట్టుకొచ్చాయి. ఫ్రాంక్ 1956 దాకా సీయింగ్ ఐలోనే పనిచేశాడు. ఆ తర్వాత ఏం చేశాడనుకున్నారు? మళ్ళీ ఇన్సూరెన్స్. సొంత ఏజెన్సీ పెట్టుకున్నాడు. 1957లో బ్లేక్ క్లార్క్‌తో కలిసి మొదటి బడ్డీ కథని పుస్తకంగా రాశాడు. అతని జీవితం మీద డిస్నీ వాళ్ళు తీసిన సినిమా 1984లో వచ్చింది గానీ, అది చూడటానికి అతను లేడు. 1980 నవంబర్ 22న, 72 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

న్యూజెర్సీలో మోరిస్‌టౌన్ అనే ఊరి మధ్య పార్కులో 2005లో ఫ్రాంక్, బడ్డీల కంచు విగ్రహం పెట్టారు. ఎత్తైన దిమ్మె లేదు, నేల మీదే ఉంటుంది, పక్కన నిలబడి ఫొటో తీసుకోవచ్చు. మన తెలుగువాళ్ళు న్యూజెర్సీలో ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, మీ అక్కో బావో అటువైపు ఉంటే ఒకసారి చూసి రమ్మనండి. ఆ ఊళ్లోనే సీయింగ్ ఐ స్కూల్ ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కో కుక్క మీద అయ్యే ఖర్చు ఈ తొంభై ఏళ్ళలో ఎన్నో రెట్లు పెరిగింది. మొదటిసారి వచ్చేవాళ్ళు కట్టే ఫీజు మాత్రం 150 డాలర్లే.